ఒక్కసారి వెళ్లి వచ్చేసిన చోట మనుషులు దొరకరు

భర్త పోయి పదకొండు నెలలైందని, ఆరు నెలల క్రితం స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని కూతురు ఉండే ఊరికి మారానని ఒకావిడ రాశారు. మొదటి నెలంతా రోజూ ఫోన్ చేసిన స్నేహితులు ఇప్పుడు పలకరించడం లేదట. ఆప్తులను పోగొట్టుకున్నవారు నెలకు రెండుసార్లు కలిసే బృందం ఒకటి ఉందంటే వెళ్లారు. అందరి ఏడుపూ విని మరింత కుంగిపోయి వచ్చారు. సాయంత్రం నడకకు వెళ్లే గుంపులో చేరారు. వాళ్ల నవ్వులు భరించలేక మానేశారు. "ఏడ్చేవాళ్ల మధ్య ఉండలేను, నవ్వేవాళ్ల మధ్యా ఉండలేను. లోపం నాలోనే ఉందా?" అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, మీరు రాసినదానిలో నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన వాక్యం అది కాదు. "బృందానికి ఒకసారి, నడకకు మూడుసార్లు వెళ్లాను" అన్నారు చూడండి, అది. మొత్తం నాలుగుసార్లు. ఆ నాలుగు సాయంత్రాలను పట్టుకుని మీ మీద మీరే తీర్పు చెప్పేసుకున్నారు.

పదిహేడేళ్లుగా నెలకు రెండుసార్లు ఇలాంటి బృందం ఒకటి నడుపుతున్నాను. అంతకు ముందు మా తమ్ముడు పోయినప్పుడు ఇంకొకరు నడిపే బృందంలో, తలుపు పక్క కుర్చీలో, ఎప్పుడు లేచి వెళ్లిపోదామా అని కూర్చున్నాను. అందువల్ల ఇక్కడ చెప్పేవాటిలో సగం చదివి నేర్చుకున్నవి, సగం కుర్చీలు సర్దుతూ నేర్చుకున్నవి.

ముందు ఆగిపోయిన ఫోన్ల సంగతి. స్నేహితులకు మీ మీద ప్రేమ తగ్గిందని మీరు అనుకుంటున్నారు. చాలావరకు జరిగేది వేరు. మొదటి నెలలో వాళ్లు చేయగల పనులు కళ్లముందు ఉంటాయి. రావాలి, పక్కన కూర్చోవాలి, కాగితాల పనికి తోడు వెళ్లాలి. మూడో నెలకు ఆ పనులు అయిపోతాయి. ఇక ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో తెలియదు. మీరు ఏడుస్తారేమోనని ఒక భయం, ఏడవకుండా ఉన్న మనిషిని గుర్తుచేసి ఏడిపిస్తామేమోనని ఇంకో భయం. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ రెండు నెలలు గడిపాక సిగ్గు మొదలవుతుంది. ఇన్నాళ్లూ పలకరించకుండా ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చేయాలి? ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. మా తమ్ముడి ప్రాణస్నేహితుడు నాలుగేళ్లు తప్పించుకు తిరిగి, ఒకరోజు ఎదురుపడి, తల వంచుకుని చెప్పిన మాట.

అందుకని మొదటి ఫోన్ మీరే చేయాల్సి వస్తుంది. అన్యాయమే. దెబ్బ తిన్నవారే లేచి వెళ్లి మందు తెచ్చుకోవాలనడం లాంటిదే. కానీ చేస్తే ఫలితం ఉంటుంది, అడిగే పద్ధతి తెలిస్తే. "వీలైనప్పుడు మాట్లాడు" అంటే ఎవరికీ ఎప్పుడూ వీలు కాదు. "ఆదివారం సాయంత్రం ఆరింటికి ఒక పావుగంట ఫోన్ చేస్తావా? ఆయన గురించి ఏమీ వద్దు, నీ కబుర్లు వినాలని ఉంది" అని పంపండి. ఇంకో రోజు, ఇంకొకరికి, "ఆయన గురించి మాట్లాడాలని ఉంది. ఓదార్చక్కర్లేదు, వింటే చాలు" అని పంపండి. మీకు ఏం కావాలో ముందే చెప్పేస్తే అవతలివారి భయం సగం పోతుంది. ముగ్గురికి పంపితే ఒకరైనా పలుకుతారు. పలకని ఇద్దరి మీద కోపం పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి, దానికి నా అభ్యంతరం లేదు.

దంపతులుగా కుదిరిన స్నేహాల విషయం మాత్రం వేరు. నలుగురు కూర్చునే చోట ముగ్గురు కూర్చోవడం అందరికీ ఇబ్బందే. వాటిలో కొన్ని నిలవవు. ఆ నలుగురిలో మీకు మొదటినుంచీ దగ్గరైన ఒక్కరిని విడిగా కలవడం ఒక్కటే అక్కడ పనిచేయడం చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెలుగులో ఒక వెసులుబాటు ఉంది. ఎదుటివారిని కలుపుకొంటే 'మనం', కలుపుకోకపోతే 'మేము'. పెళ్లైన నాటినుంచీ మీరు ఇతరులతో 'మేము' అన్నప్పుడల్లా అందులో రెండో మనిషి ఉన్నాడు. మేము ఆలస్యంగా పడుకుంటాం, మేము ప్రయాణాలు పెద్దగా చేయం. ఇప్పుడు ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. బృందానికి కొత్తగా వచ్చినవాళ్లు వాక్యం మధ్యలో 'మేము' అని ఆగి, గొంతు సవరించుకుని, 'నేను' అని దిద్దుకోవడం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఆ దిద్దుకోవడం చూసినప్పుడల్లా, పోయినది ఒక్క మనిషి మాత్రమే అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. బ్రిటన్ మనోవైద్యుడు కోలిన్ మరే పార్క్స్ భర్తలు పోయిన స్త్రీలతో పాటు కాలు తీసేయించుకోవాల్సి వచ్చినవారినీ దగ్గరగా గమనించారు. మనిషి తనకు తెలియకుండానే ఒక లోకాన్ని ఖాయమనుకుని బతుకుతాడని, పెద్ద నష్టం జరిగినప్పుడు ఆ లోకమంతా పనికిరాకుండా పోతుందని, దాన్ని మొదటినుంచీ మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుందని 1971లో రాశారు. పొద్దున లేవగానే ఎవరితో మాట్లాడాలో, లైటు ఎవరు తీయాలో కూడా ఆ లోకంలో భాగమే. మీరు భర్తతో పాటు ఉద్యోగాన్ని, ఊరిని కూడా ఆరు నెలల లోపే వదిలారు. "ఆయన పోవడం ఒక్కటే కదా, ఇంత చేతకానిదాన్ని అయిపోయానేమిటి" అని రాశారు. ఒక్కటి కాదమ్మా, మూడు.

"ఏ దశలో ఉన్నానో తెలియడం లేదు" అని కూడా రాశారు. నిరాకరణ, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం అనే ఆ అయిదు దశలను మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో పుస్తకంగా తెచ్చారు. అవి ఆవిడ చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి రాసుకున్నవి. వెనక మిగిలినవారికి ఆ కొలతలు తర్వాత అంటించారు. మా బృందంలో వాటిని వరసగా ఎక్కి దిగినవారిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ లెక్కను పక్కన పెట్టండి.

నాకు ఎక్కువగా పనికొచ్చినది నెదర్లాండ్స్‌లో పనిచేసిన మనస్తత్వవేత్తలు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ఇచ్చిన వివరణ. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపుల మధ్య ఊగుతూ ఉంటాడని వాళ్లు అన్నారు. ఒక వైపు పోయిన మనిషి ఉంటాడు. జ్ఞాపకాలు, ఏడుపు, పాత ఫోటోలు అటు వైపు. రెండో వైపు మిగిలిన బతుకు ఉంటుంది. బ్యాంకు పనులు, కొత్త ఇల్లు, కొత్త పరిచయాలు, కాసేపు అన్నీ మరిచిపోయి నవ్వుకోవడం ఇటు వైపు. ఎటు వైపు ఉండిపోయినా కష్టమే. ఊగుతూ ఉండటమే ఆరోగ్యం. దుఃఖం నుంచి కాసేపు తప్పుకోవడం కూడా దుఃఖపడటంలో భాగమేనని వాళ్లు చెప్పడం నాకు పెద్ద ఊరట. తమ్ముడు పోయిన మూడో వారం ఏదో హాస్యానికి పగలబడి నవ్వి, ఆ రాత్రంతా నన్ను నేను తిట్టుకుంటూ గడిపినప్పుడు ఈ మాట తెలిసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మీ నాలుగు సాయంత్రాలను ఈ వెలుగులో చూడండి. మీరు వెళ్లిన రెండు చోట్లూ ఆ రెండు వైపులే. బృందానికి వెళ్లిన రోజు మీ మనసుకు విరామం కావలసి ఉండొచ్చు. నడకకు వెళ్లిన రోజు ఆయన పేరు ఎవరితోనైనా పలకాలని ఉండొచ్చు. చోట్లు సరైనవే, రోజులు తారుమారయ్యాయి. ఇంకో సంగతి కూడా ఉంది, కాస్త గట్టిగా తగులుతుంది, ఓర్చుకోండి. ఏడిస్తే వినేవారు, నవ్వించేవారు, రెండూ ఒక్కరే కావాలని మీరు వెతుకుతున్నారు. అలాంటి మనిషి మీకు ఒకరే ఉండేవారు. అదే చోటును ఇంకొకరితో నింపాలని చూస్తే ప్రతివారూ తక్కువే అనిపిస్తారు. ఆ ఒక్కరు చేసిన పనులను పదిమందికి పంచాలి. ఒకరితో నడక, ఒకరితో ఏడుపు, ఒకరితో కాగితాల పని, ఒకరితో ఊరకే పలకరింపు. పంచడానికి కాలం పడుతుంది.

బృందం సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు అక్కడే ఎక్కువ భయపడ్డారు. ఇలాంటి బృందాల చరిత్రలో నాకు ఇష్టమైన ఘట్టం ఒకటుంది. 1968లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో కొద్ది రోజుల తేడాతో ఇద్దరు పిల్లలు చనిపోయారు. అక్కడి ఆసుపత్రిలో సైమన్ స్టీఫెన్స్ అనే యువ మతగురువు ఉండేవారు. ఓదార్చడం ఆయన పనే. కానీ ఆ రెండు కుటుంబాలకూ పరిచయం కలిశాక, తాను ఎంత ప్రయత్నించినా ఇవ్వలేనిది ఆ తల్లిదండ్రులు ఒకరికొకరు ఇచ్చుకోవడం ఆయన గమనించారు. ఆ గమనింపు నుంచే 1969లో 'ద కంపాషనేట్ ఫ్రెండ్స్' అనే సంస్థ పుట్టి, తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. ఓదార్చడం వృత్తిగా ఉన్న మనిషి తాను పక్కకు తప్పుకోవాలని గ్రహించడమే ఇందులో నాకు నచ్చే విషయం. దాదాపు అదే కాలంలో అమెరికాలోని బోస్టన్‌లో ఫిలిస్ సిల్వర్‌మన్, కొత్తగా భర్త పోయిన స్త్రీల దగ్గరకు, అంతకు ముందే ఆ కష్టం చూసిన స్త్రీలను పంపే పథకం నడిపారు. వెళ్లినవాళ్లకు డిగ్రీలు లేవు. "నేనూ ఇదే దారిలో వచ్చాను" అనగలగడమే వాళ్ల అర్హత.

మా గదిలో జరిగింది ఒకటి చెబుతాను. భార్య పోయిన ఒకాయన వచ్చేవారు. పేరు అక్కర్లేదు. మొదటి రెండు నెలలూ, అంటే నాలుగు సమావేశాలు, నోరు విప్పలేదు. మాట్లాడమని ఎవరినీ అడగకూడదన్నది మా నియమం కాబట్టి నేనూ ఊరుకున్నాను. అయిదోసారి ఆయన పావుగంట ముందే వచ్చారు. నేను గోడకు ఆనించిన మడత కుర్చీలు తీస్తుంటే, ఏమీ అనకుండా రెండో వైపునుంచి తీయడం మొదలుపెట్టారు. అప్పటినుంచి అది ఆయన పని అయిపోయింది. పన్నెండు కుర్చీలు వేసేవారు, ఒక్కొక్కదాన్నీ చేత్తో నొక్కి చూసేవారు, కాలు కదిలే కుర్చీని తన కోసం ఉంచుకునేవారు. తొమ్మిదోసారి అనుకుంటాను, ఒక కుర్రవాడు మొదటిసారి వచ్చి, గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక అటూ ఇటూ చూస్తున్నాడు. నాకంటే ముందు ఆయన లేచారు. "అది కదులుతుంది, ఇటు కూర్చో బాబూ. మొదటిరోజు నేనూ తలుపు పక్కనే కూర్చున్నాను" అన్నారు. ఆ గదిలో ఆయన మాట్లాడిన మొదటి మాటలు అవి. ఆ రోజు చివర్లో భార్య పేరు చెప్పారు.

ఇది నేను చాలాసార్లు తలుచుకుంటాను. నాలుగు నెలలు మేం ఆయనకు ఇచ్చిన ఓదార్పు ఎంతో నాకు తెలియదు. కుర్చీలు మాత్రం పనిచేశాయి. చేతికి పని దొరికింది, పని వల్ల ముందుగా రావలసిన అవసరం దొరికింది, ఒకరోజు తనకంటే కొత్తవాడు దొరికాడు. ఒక చోట మనకు చోటుందని తెలిసేది, మనం రాకపోతే అక్కడ ఏదో ఒక పని ఆగిపోతుందని తెలిసినప్పుడే.

అందుకని బృందాన్ని మొదటి సాయంత్రంతో తూచకండి. మొదటిరోజు మీరు వింటున్నది ఎనిమిది పదిమంది దుఃఖం ఒక్కసారిగా. వాళ్లంతా అపరిచితులు, అందువల్ల మిగిలేది ఏడుపు ఒక్కటే. మూడోసారికి ముఖాలు, పేర్లు ఏర్పడతాయి. ఫలానా ఆవిడ ఏడుస్తూనే మధ్యలో జోకు వేస్తుందని, ఫలానా ఆయన ప్రతిసారీ గొడుగు మరిచిపోతాడని తెలుస్తుంది. మూడుసార్లు వెళ్లాక కూడా భారంగానే ఉంటే మానేయండి, అందులో తప్పేమీ లేదు. అందరికీ బృందం అవసరం కూడా కాదు. ఎవరి సాయమూ లేకుండా మెల్లగా తేరుకునేవారే ఎక్కువమంది. వెళ్లేముందు నడిపేవారికి ఫోన్ చేసి అడగండి: ఎంతమంది వస్తారు, ఏ రకమైన నష్టం జరిగినవారు వస్తారు, ఊరకే కూర్చుని వినొచ్చా, మధ్యలో లేచి వెళ్లొచ్చా. భర్తో భార్యో పోయినవారి బృందం విడిగా ఉంటే అది మేలు. పదిహేనుమందికి మించితే మాట్లాడే వంతు రాదు. ఎవరి దుఃఖం పెద్దదో పోటీ పడే చోట, బలవంతంగా మాట్లాడించే చోట, చివర్లో ఏదో అమ్మజూపే చోట ఒక్క నిమిషం కూడా ఉండొద్దు.

నడక గుంపు విషయంలో మీకు కావలసింది ఓదార్పు కాదు, లెక్క. అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు, కొత్త ఊరికి మారినవాళ్లనూ కొత్తగా కాలేజీలో చేరినవాళ్లనూ అడిగి, పరిచయం స్నేహంగా మారడానికి ఎన్ని గంటలు కలిసి గడపాలో అంచనా కట్టారు. 2018లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితులు అనుకోవడానికి సుమారు 90, ఆప్తమిత్రులు కావడానికి 200 గంటలకు పైగా పడుతుంది. ఖచ్చితమైన కొలతలని అనుకోకండి, కానీ దారి ఎంత పొడవో తెలుస్తుంది. వారానికి ఒక గంట నడిస్తే ఆ మొదటి మెట్టు చేరడానికే దాదాపు ఏడాది. రోజూ నడిస్తే రెండు నెలల లోపు. మీరు గడిపింది మూడు గంటలు. మూడు గంటల పరిచయంలో వాళ్ల నవ్వులు మీకు పరాయిగా అనిపించకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మొదట్లో ఆ పరిచయాలు పలచగానే ఉంటాయి, ఉండనివ్వండి. "నిన్న రాలేదేం?" అని ఒకరు అడిగితే చాలు. అంత చిన్న మాటకు ఎంత బలముందో ఒంటరిగా ఉన్నవారికే తెలుస్తుంది. మీ కథ తెలియని మనుషులతో గడపడంలో ఇంకో సుఖం ఉంది. అక్కడ మీరు 'పాపం, ఆవిడ' కారు. నడిచే మనిషి, అంతే. అయితే ఎప్పుడో ఒకప్పుడు "మీవారు ఏం చేస్తారు?" అనే ప్రశ్న వస్తుంది. మీరు గుంపు మానేసింది ఆ ప్రశ్న భయంతోనే అయి ఉంటుందని నా అనుమానం. దానికి జవాబు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి, అద్దం ముందు రెండుసార్లు పైకి అనుకోండి. "పోయిన ఏడాది పోయారండీ. దాని గురించి ఇంకోసారి చెబుతాను. ఈ దారి ఎందాకా వెళ్తుంది?" వార్త, హద్దు, వేరే మాట, మూడూ ఒక్క ఊపిరిలో అయిపోతాయి. అడిగినవారు కూడా బతికిపోతారు.

రోజులు ఎంచుకునే స్వేచ్ఛ మీ చేతిలో ఉంచుకోండి. పొద్దున లేవగానే గుండె నిండుగా ఉంటే ఆ రోజు నడక మానేసి పాత స్నేహితురాలికి ఫోన్ చేయండి. ఏమీ తలుచుకోవాలని లేని రోజు నడకకు వెళ్లండి.

కూతురి గురించి మీరు ఒకే వాక్యం రాశారు. "దానికి బాధ కలుగుతుందని దాని ముందు ఏమీ మాట్లాడను." అమ్మా, ఆ అమ్మాయి కూడా ఎక్కడో ఎవరితోనో సరిగ్గా ఇదే మాట అంటూ ఉంటుంది. ఆ అమ్మాయికి పోయింది తండ్రి, మీకు పోయింది భర్త. ఒకే మనిషి అయినా నష్టాలు రెండు. అవి ఒకే రోజు, ఒకే తీరున బయటపడవు. ఒకరినొకరు కాపాడుకోవాలని ఇద్దరూ మౌనంగా ఉంటే, ఆ ఇంట్లో ఆయన పేరు పలికేవారే లేకుండా పోతారు. ఏడిపించేలా ఏమీ మాట్లాడక్కర్లేదు. "మీ నాన్న అయితే ఈ తాళం గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చేవారు" అని మామూలుగా అనేయండి. పేరు ఇంట్లో తిరుగుతూ ఉండాలి.

పోయినవారిని పట్టుకుని వేలాడకూడదు, వదిలేసి ముందుకు వెళ్లాలి అనే సలహా మీకు ఈపాటికే చాలామంది ఇచ్చి ఉంటారు. ఆ ఆలోచనకు సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో రాసిన వ్యాసం ఒక మూలం. పోయినవారి మీది మమకారాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకోవడమే దుఃఖం చేసే పని అన్నారాయన. 1920లో ఆయన కూతురు సోఫీ జబ్బుచేసి చనిపోయింది. తొమ్మిదేళ్ల తర్వాత, బతికి ఉంటే ఆమెకు ముప్పై ఆరేళ్లు నిండే రోజున, కొడుకును పోగొట్టుకున్న ఒక మిత్రుడికి ఆయన ఉత్తరం రాశారు. ఆ ఖాళీని ఏదీ పూర్తిగా పూడ్చదని, అలా ఉండటమే సరైనదని, వదులుకోవాలని లేని ప్రేమను నిలుపుకొనే దారి అదొక్కటేనని ఆ ఉత్తరంలోని భావం. వ్యాసం రాసిన పండితుడికంటే ఉత్తరం రాసిన తండ్రి మాటే నాకు నమ్మకం. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్ మరొకరితో కలిసి తెచ్చిన పుస్తకం కూడా ఇదే చెప్పింది: పోయినవారితో బంధం రూపు మార్చుకుని కొనసాగుతుంది, అది జబ్బు కాదు. సిల్వర్‌మన్ అంటే పైన చెప్పిన బోస్టన్ ఆవిడే.

ఈ సమాధానం ఇంకెవరైనా చదువుతుంటే వారికోసం రెండు మాటలు. విడాకులు, ఉద్యోగం పోవడం, గర్భస్రావం, ఎవరికీ చెప్పుకోలేని బంధంలో మనిషి పోవడం, పెంపుడు జంతువు పోవడం, ఇలాంటివాటికి పరామర్శకు ఎవరూ రారు. లోకం గుర్తించని ఈ దుఃఖానికి అమెరికా ఆచార్యుడు కెనెత్ డోకా 1989లో ఒక పేరు పెట్టి, దాని మీద పుస్తకమే తెచ్చారు. మతిమరుపు జబ్బుతో ఎదురుగానే ఉండి మనల్ని గుర్తుపట్టని తల్లి, కనిపించకుండా పోయి తిరిగిరాని మనిషి, వీళ్ల విషయంలో ఏడవాలో ఎదురుచూడాలో తేలదు. దాన్ని అమెరికాలో కుటుంబ చికిత్సకురాలైన పౌలీన్ బాస్ తేలని నష్టంగా వర్ణించారు. వీరికి పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి, ఒక్క తేడాతో. చుట్టుపక్కలవారు అర్థం చేసుకుంటారని ఎదురుచూడకుండా నేరుగా అదే నష్టం జరిగినవారిని వెతుక్కోవడం వీరికి మరీ ముఖ్యం. ఊళ్లో లేకపోతే ఫోన్లో, ఆన్‌లైన్‌లో అయినా సరే.

మీ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. దుఃఖం జబ్బు కాదు, కానీ కొందరిలో అది గడ్డకట్టుకుపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ, 2022లో సవరించిన అమెరికన్ మనోవైద్యుల గ్రంథంలోనూ దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అనేది చేరింది. మొదటిదాని ప్రకారం కనీసం 6 నెలలు, రెండోదాని ప్రకారం పెద్దల్లో కనీసం 12 నెలలు గడిచాక కూడా, దాదాపు ప్రతిరోజూ, పోయినవారి కోసం తీవ్రమైన తపన ఉండి, రోజువారీ పనులు సాగకపోతే దాన్ని చూపించుకోవాలి. దానికంటూ పరీక్షించి చూసిన మానసిక చికిత్సలు ఉన్నాయి. మీరు రాసినదాన్ని బట్టి నాకు అలా అనిపించలేదు. ఇల్లు మారారు, రెండు చోట్లకు వెళ్లి చూశారు, ఇంత పొడవు ప్రశ్న రాశారు. కానీ ఉత్తరం చదివి నిర్ధారించే పని నాది కాదు. నిద్ర, తిండి బాగా తగ్గినా, రోజుల తరబడి మంచం దిగబుద్ధి కాకపోయినా డాక్టరును కలవండి. బతకడం ఎందుకనే ఆలోచన వస్తే మాత్రం బృందమూ వద్దు, నా సలహాలూ వద్దు. అదే రోజు కూతురికి చెప్పి, వైద్యసాయం తీసుకోండి.

ఇక మిగిలింది వచ్చే నెల. ఏడాది పూర్తయ్యే రోజు దగ్గరపడుతోంది. ఆ రోజు కంటే దాని ముందు వారం కష్టంగా ఉంటుంది, చాలామంది ఇదే చెబుతారు. అప్పటికప్పుడు చూద్దామని వదిలేయకండి. పొద్దున ఎవరితో ఉంటారో, సాయంత్రం ఎవరితో మాట్లాడతారో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. పాత ఊరి స్నేహితురాళ్లలో ఆయనను బాగా ఎరిగిన ఒకరికి ముందే చెప్పి ఉంచండి, ఆ రోజు ఆయన గురించి మీకు తెలియని సంగతి ఒకటి చెప్పమనండి. మనకు తెలియని సంగతి వినడమంటే ఆ కాసేపూ ఆయన కొత్తగా ఎదురవడమే. తేదీకి ముందు మీ బృందం ఇంకో రెండుసార్లు కలుస్తుంది, నెలకు రెండే అన్నారు కదా. ఆ రెండింటికీ వెళ్లండి. కాస్త ముందు వెళ్లి, కుర్చీలు ఎవరు వేస్తున్నారో చూడండి.